అనుమతి పత్రం

"కాలేజీకెళ్ళే కోడలమ్మకి టీ కూడా మనమే పెట్టివ్వాలి కాబోలు" అని అత్తగారు గోడతో అన్నట్టు అన్నారు. కోడలు అప్పుడు భర్త నాలుగో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అత్తగారి మాటలన్నీ గోడతోనే. పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోయాక, నలభై మూడో ఏట, ఆమె బీఏ ఇంగ్లీషు సాహిత్యంలో చేరిన రోజు నుంచీ ఆ గోడకి తీరిక లేదు. "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలట" అని ఒకరోజు, "ఇంగ్లీషు లెక్చరర్ పెళ్ళామై ఉండి ఇంకెక్కడికో పోయి ఇంగ్లీషు నేర్చుకోవాలా" అని ఇంకోరోజు. ఈ రెండో మాటకి మాత్రం ఆమెకి నవ్వొచ్చేది, నవ్వే ఓపిక ఉన్న రోజుల్లో.

భర్త పనిచేసేది వేరే కాలేజీలో. డిగ్రీ పిల్లల కోసం ఆయన పేరు మీద ఒక గైడు ఉంది. ప్రతి పుస్తకాల షాపులోనూ దొరుకుతుంది. పెళ్ళైన కొత్తలో ఆయన "నీ రాత ముత్యాల్లా ఉంటుంది, ఈ నోట్సు కాస్త ఫెయిర్ చేసిపెట్టవూ" అన్నాడు. ముత్యాలన్నందుకే మురిసిపోయి, మధ్యలో ఆగిపోయిన తన చదువు మళ్ళీ ఏదో దారిన ఇంట్లోకి వచ్చిందనుకుని, కూర్చుని రాసింది. కొన్నాళ్ళకి "ఈ నవల చదివి కథ రెండు పేజీల్లో పెట్టు, నాకు మీటింగుంది" అన్నాడు. ఆ తర్వాత "ఎలాగూ చదివావుగా, ప్రశ్నలకి జవాబులు కూడా రాసేయ్" అన్నాడు. చంటిదాన్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని రాసింది. తప్పుగా అర్థమైన చోట మళ్ళీ మొదటి నుంచి చదివింది. అన్నీ కలిపి గైడు అచ్చయినప్పుడు ముందుమాటలో ఆమె గురించి ఒక వాక్యం వచ్చింది: 'ప్రశాంతమైన వాతావరణం కల్పించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు.' ఆ వాక్యం మటుకు ఆయనే రాసుకున్నాడు.

క్లాసులో ఆమెని అందరూ ఆంటీ అంటారు. అంటే అన్నారు గానీ, ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఆమెని ఎవరూ ఏదీ తెచ్చిపెట్టమనరు. అది చాలు. రచన నేర్పే మేడమ్ ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్నది. ఒక పాత నవలలోని ఇల్లాలి పాత్ర మీద వ్యాసం రాయమంది. ఆ నవల ఆమె ఎప్పుడో చదివిందే. పుస్తకమేదీ ముందు పెట్టుకోకుండా, మధ్యాహ్నం అత్తగారు పడుకున్న గంటలో, ఒక్క ఊపున రాసి ఇచ్చింది. ఇంత తేలిగ్గా ఏ పనీ చేసిన గుర్తు లేదు ఆమెకి.

ఆ శుక్రవారం మేడమ్ స్టాఫ్ రూముకి రమ్మంది. బల్ల మీద ఆమె వ్యాసం, పక్కన భర్త గైడు. రెండింట్లోనూ ఎర్ర పెన్సిల్ గీతలు.

"మీ మీద నాకు గౌరవం ఉందండీ. అందుకే నలుగురిలో అడగలేదు. ఈ పేరా అంతా మక్కీకి మక్కీ ఇందులోది. సార్ మీవారే కదా?"

ఆమె గైడు వైపు చూసింది. ఇరవై రెండేళ్ళ కిందట తను రాసిన వాక్యాలవి. మళ్ళీ అదే నవల తలుచుకుని కూర్చునేసరికి, అలవాటైన మెట్లు దిగినట్టు, చెయ్యి వాటిలోకే దిగింది. తన మాటలే తనని దొంగగా పట్టించాయి. 'నేనే రాశాను' అందామనుకుంది. ఆ మాట బయటికొస్తే ఎక్కడెక్కడికి పాకుతుందో, ఎవరి పరువు పోతుందో, ఎన్నాళ్ళు సంజాయిషీలు చెప్పుకోవాలో తలుచుకుని ఆగిపోయింది.

"కాపీ కిందికొస్తే సున్నా వెయ్యాల్సిందే. సోమవారం లోపల ఏదైనా వివరణ ఇవ్వండి. సార్ నుంచి అయినా సరే" అంది మేడమ్.

ఇంటికొచ్చి చెబితే భర్త పకపకా నవ్వాడు. "అయితే నా వాక్యాలు నీకు కంఠతా వచ్చేశాయన్నమాట!"

"ఆ పాఠం నేను రాసిందండీ."

"ఫెయిర్ చేశావులే" అన్నాడు, టీ చల్లారిందా అని గ్లాసు పట్టుకు చూసుకుంటూ.

ఆమె ఆయన మొహం వంక చాలాసేపు చూసింది. అబద్ధమాడుతున్న మనిషి మొహం కాదది. ఇన్నేళ్ళూ ఆయన దాస్తున్నాడనీ, ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడతాడనీ ఎక్కడో ఓ మూల అనుకుంటూ ఉండేది. ఆయన దాయడం లేదు. నిజంగానే మరిచిపోయాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాడికి ఇస్త్రీ ఎవరు చేశారో గుర్తుండనట్టే. దెబ్బలాడటానికైనా అవతల దొంగ ఉండాలి కదా.

"కంగారు పడకు, నేను చూసుకుంటా" అని ఆయన అప్పటికప్పుడే కాలేజీ లెటర్‌హెడ్ తీసి ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు. 'నా పుస్తకంలోని వాక్యాలను వాడుకోవడానికి నా భార్యకు అనుమతి ఇస్తున్నాను.' కింద సంతకం. వాక్యంలో రెండు తప్పులున్నాయి. అలవాటు కొద్దీ దిద్దబోయి, ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

"చూశావా, మొగుడు లెక్చరరైతే ఎంత ఆసరానో" అన్నారు అత్తగారు, ఈసారి గోడతో కాకుండా ఆమెతోనే.

సోమవారం స్టాఫ్ రూములో మేడమ్ చెయ్యి చాచింది. ఉత్తరం సంచీలోనే ఉంది. తీసిస్తే మార్కులొస్తాయి, వ్యవహారం ముగుస్తుంది. కానీ సంచీ జిప్పు లాగడానికి కూడా చేతకానంత అలసట కమ్మింది ఆమెని. తన మాటలు తను వాడుకోవడానికి ఒకరి దయ మోసుకొచ్చిన బరువు అది.

"ఒక్కటి అడగనా మేడమ్? ఆ పేరా చివర్లో ఏముంది?"

మేడమ్ గైడు తిప్పి చదివింది. 'పొయ్యి మీది పాలు పొంగకుండా కాపలా కాసేవాళ్ళకే తెలుస్తుంది, ఊరికే నిలబడి ఉండటం కూడా పనేనని.'

"మావారికి మా ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో తెలీదండీ" అంది ఆమె.

మేడమ్ ఆ వాక్యం ఇంకోసారి చదివింది. పుస్తకం మూసి, అట్ట మీది పేరు చూసింది. "నేను నమ్ముతాను. కానీ అచ్చులో ఆయన పేరుంది. నమ్మకానికి మార్కులు వెయ్యలేను కదా" అంది చివరికి, తనే తప్పు చేసినట్టు.

"సున్నా వెయ్యండి. మళ్ళీ రాస్తాను. ఇక్కడే, మీ ఎదురుగా."

మేడమ్ తెల్లకాగితాలు ఇచ్చింది. ఆమె మొదటి పేరా రాసి కొట్టేసింది. రెండోది కూడా కొట్టేసింది. పాత దారిలోకే పోతున్న చేతిని ప్రతి వాక్యం దగ్గరా వెనక్కి లాక్కుంటూ, గంటన్నరలో ముప్పావు పేజీ రాసింది. మొదటిదంత నున్నగా లేదు. అక్కడక్కడ తడబడింది కూడా. మేడమ్ చదివి, "దీనికి మార్కులు వెయ్యగలను" అంది.

సాయంత్రం భర్త వచ్చేసరికి హాల్లో బల్ల మీద ఆయన కట్ట ఉంది. గైడు కొత్త ముద్రణకి పబ్లిషరు అడిగిన ఆరు పాఠాలు, తెల్లకాగితాలు. పొద్దున ఆమె చదువుకునే చోట ఆయన పెట్టి వెళ్ళినవి ఆయన కుర్చీ ముందుకి వచ్చి ఉన్నాయి.

"ఇవింకా మొదలుపెట్టలేదా? నెలాఖరుకి ఇవ్వాలి" అన్నాడు చెప్పులు విప్పుతూ. "అన్నట్టు, ఉత్తరం చూసి ఏమందీ మీ మేడమ్?"

ఆమె సంచీలోంచి ఉత్తరం తీసి, మడత కూడా విప్పకుండా, ఆ కట్ట మీద పెట్టింది.

"చూపించలేదు. ఆ వ్యాసానికి సున్నా వేయించుకున్నాను."

"మతిగానీ పోయిందా నీకు?"

"మీ వాక్యాలు వాడుకోవడం ఇవాళ్టితో మానేశానండీ. నావి మీరూ మానెయ్యండి."