శాలువా చెప్పని ఊరి పేరు

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే రకం కాదు, చప్పట్ల మధ్య కప్పే రకం. నాలో ఉన్ని లేదు. మరమగ్గం మీద నైలాన్ పోగుతో పుట్టాను. ఒంటినిండా మామిడిపిందెలు, అంచున జరీ అని చెప్పుకునే పసుపు తళుకు. నన్ను నమ్ముకుని మంచులో బయటికి వెళ్లినవాడు దగ్గుతూ తిరిగొస్తాడు. ఆ సంగతి కప్పేవాడికీ తెలుసు, కప్పించుకునేవాడికీ తెలుసు. అయినా ఇద్దరూ నవ్వుతూ ఫొటోకు నిలబడతారు.

నాతోపాటు ఒకే సంచిలో ఇంకొకతె ఉండేది. దంపతులకు కప్పడానికి మమ్మల్ని జంటగా మడిచారు. దుకాణం గడప దాటిన కొద్దిరోజులకే ఆమెను ఒక ముసలి కవికి కప్పారు. బతికుండగా కాదు. బతికున్నంతకాలం ఆయన్ని ఎవరూ పిలవలేదు. శవం మీద కప్పి, ఆమెతో సహా కాల్చారు. పక్కనే సంచిలో ఉండి ఆ పొగ పీల్చాను. మనుషుల మర్యాద మీద నా నమ్మకం ఆ రోజే పోయింది. మళ్లీ రాలేదు.

తరువాత చాలా భుజాలు ఎక్కాను. పుస్తకాల సభల్లో ఒక ఆచారం ఉంది. ఈ సభలో కప్పించుకున్న శాలువాను మడతపెట్టి దాచి, వచ్చే సభలో ఇంకొకరికి కప్పుతారు. ఎవరూ పైకి అనరు. ఒక పెద్దమనిషి తాను ఎవరికో కప్పిన నన్నే ఏడాది తిరక్కుండా తనకు కప్పితే, గుర్తుపట్టక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అత్తరూ, చెమటా, కీళ్లనొప్పుల తైలమూ అన్నీ నాకు అంటాయి. చదివిన పుస్తకం వాసన మాత్రం ఏ భుజం మీదా తగల్లేదు.

అలా తిరిగి తిరిగి కాకినాడలో మృత్యుంజయరావు అనే నవలా రచయిత ఇంటికి చేరాను. ఆయన నన్ను బీరువాలో పెట్టలేదు. భుజాన వేసుకుని తిరిగేవాడు. రచయితలా కనబడాలి కదా.

కాలేజీ పిల్లలు ఆయన్ని, మీకు కథలు ఎక్కడ దొరుకుతాయండీ అని అడిగేవారు. గుండెమీద చెయ్యేసుకుని, ఇక్కడ అనేవాడు. అబద్ధం. చెయ్యి కింద ఉన్నది నేను. ఆయనకు కథలు పెద్దాసుపత్రి వరండాలో దొరికేవి. కోర్టు ఆవరణలో, బస్టాండులో దొరికేవి. ఏడుస్తున్న మనిషిని దూరం నుంచే పసిగట్టి పక్కన చోటు చూసుకుని కూర్చునేవాడు. టీ ఇప్పించేవాడు. చెప్పుకుంటే బరువు తగ్గుతుందమ్మా అనేవాడు. ఆ గొంతు మెత్తగా ఉండేది. నాలో లేని ఉన్ని అంతా ఆ గొంతులో ఉండేది. అవతలివాళ్లు చెప్పేవారు. చెప్పి అక్కడే అలాగే కూర్చుని ఉండేవారు. ఈయన లేచి హుషారుగా ఇంటికి నడిచేవాడు.

ఒక దశలో ఆయనకు ఏమీ దొరకలేదు. కొత్త నవల వస్తోందని నలుగురికీ చెప్పేశాడు. లోపల ఒక్క పేజీ లేదు. అదే సమయంలో, ఏదో సభలో కుర్చీ మేకు తగిలి నా అంచు చిరిగింది. బాగుచేయించడానికి నన్ను తీసుకుని కింది వాటాలోకి దిగాడు.

కింది వాటాలో హైమ ఉండేది. చీరలకు ఫాల్స్ కుట్టేది, జాకెట్లు కుట్టేది. హైమ ఆమె పేరు కాదు. ఆమె భర్తను ఏసుపాదం అంటాను. అదీ అతని పేరు కాదు. టైర్లకు పంక్చర్లు వేసే షాపులో పనిచేస్తాడు అంటాను. అదీ నమ్మకండి.

ఆమె నన్ను ఒళ్లో పరుచుకుని సూది ఎక్కించింది. రచయిత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మీదే ఊరమ్మా, అన్నాడు. ఆ గొంతుతోనే.

ఆమె సూది నాలో గుచ్చి వదిలేసింది. ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని మాట. తరువాత అంతా చెప్పింది.

ఎండా, పంతమూ ఎక్కువగా ఉన్న ఊరు. ఊరి పెద్ద ఇల్లు. ఆ ఇంటి ఆడపిల్ల ఏసుపాదాన్ని చేసుకుంటానంది. ఆ పేరు చెప్పాక మిగతాది చెప్పక్కర్లేదు. అన్న ఆమెను సరుకు గదిలో పెట్టి తాళం వేశాడు. కొడవలి నూరించి, ఆమెకు కనబడేటట్టు గుమ్మానికి ఆనించాడు. సరుకు ఎత్తడానికి వచ్చిన లారీ డ్రైవరు ఆమెను చూశాడు. అతనికీ ఒక చెల్లెలు ఉందేమో, నాకు తెలియదు. బస్తాల మధ్య ఖాళీ వదిలి ఆమెను అందులో కూర్చోబెట్టి, పైన ఇంకో వరస పేర్చాడు. ఏ సరుకో నేను చెప్పను. ఘాటుకు కళ్లు మండి ఊపిరాడని సరుకు. దగ్గు బయటికి రాకుండా ఆమె పైట నోట్లో కుక్కుకుంది. అన్న లారీ పక్కనే నిలబడి డ్రైవరుతో బీడీ పంచుకున్నాడు. ఆ తరువాత, సంగతి తెలిశాక, అదే డ్రైవరు మోకాళ్లు విరగ్గొట్టాడు.

తప్పించుకున్న ఆ దారి ఆమెకూ, ఏసుపాదానికీ, డ్రైవరుకూ, అన్నకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

"ఇది ఎక్కడా అనమాకండి మాస్టారూ," అంది హైమ. "మా అన్న ఇంకా ఎతుకుతానే ఉన్నాడు."

"నీ పేరు నా నోట రాదమ్మా. ఒట్టు," అన్నాడాయన.

ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. పేరొక్కటే రాయలేదు. మిగతాదంతా రాశాడు. ఊరు మార్చాడు, కులం మార్చాడు, కొడవలిని కత్తి చేశాడు. లారీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. అంత బాగున్నదాన్ని ఎవడు మారుస్తాడు? సరుకూ, బస్తాల మధ్య ఖాళీ, నోట్లో పైట, బీడీ అన్నీ ఉన్నవి ఉన్నట్టే దించాడు. రాస్తూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నాతోనే కళ్లు తుడుచుకున్నాడు. ఏడ్చినంత మాత్రాన నేను క్షమించను.

నవలకు ‘బస్తాల మాటున’ అని పేరు పెట్టారు. అచ్చు వేసిన చంద్రమౌళికి ఈయన రాతమీద గౌరవం లేదు, అమ్మకం మీద ఆశ ఉంది. పుస్తకం గురించి డప్పు కొట్టడం పుస్తకం రాకముందే మొదలుపెట్టారు. స్నేహితుల చేత చదవకుండానే సమీక్షలు రాయించారు. అట్ట బొమ్మను ఫోన్లలో రోజూ పంపారు. పెళ్లిళ్లకు వెళ్లి భోజనాల వరసల్లో కరపత్రాలు పంచారు. రచయిత అద్దం ముందు నిలబడి, ఆలోచిస్తున్నట్టు ఫొటోలు తీయించుకున్నాడు. పుస్తకం వెనక అట్టమీద తన ఫోన్ నంబరు వేయించి, పాఠకులు ఎప్పుడైనా మాట్లాడవచ్చు అని రాయించాడు. అయినా కట్టలు కదల్లేదు.

అప్పుడు చంద్రమౌళి అన్నాడు: "మాస్టారూ, కల్పన అంటే ఎవడికండీ కావాలి? జరిగిన కథని చెప్పండి. ఆ మనిషిని తెచ్చి స్టేజీ ఎక్కించండి. మీకు దండం పెట్టి మరీ కొంటారు."

పేరు చెప్పనని ఒట్టేశానే అని ఈయన గొణిగాడు. పేరెందుకండీ, మనిషి చాలు కదా అన్నాడు చంద్రమౌళి. ఇద్దరూ ఆ వాదనకు తృప్తిపడ్డారు. చదువుకున్నవాళ్ల ఒట్లకు ఎప్పుడూ ఒక పక్క తలుపు ఉంటుంది.

హైమకు నవల సంగతే తెలియదు. సభ ఉంది, భోజనాలున్నాయి, నువ్వు బాగుచేసిన శాలువా అక్కడే కప్పుతాం, రా అమ్మా అన్నాడు. ఏసుపాదం వద్దన్నాడట, జనంలోకి ఎందుకని. ఇల్లుగలాయన పిలిస్తే ఎట్టా కాదంటాం అని ఆమె వచ్చింది. ఆడవాళ్ల వరసలో చివర కూర్చుంది. నేను వేదిక మీద పళ్లెంలో, దండ పక్కన ఉన్నాను. ఆమె నా అంచు వైపు చూసి, కుట్టు కనబడలేదని తృప్తిపడింది.

వక్తలు మాట్లాడారు. పుస్తకం గురించి కాక తమ గురించి మాట్లాడారు. తరువాత మృత్యుంజయరావు మైకు పట్టుకున్నాడు.

ఈ కథ నాది కాదు, అన్నాడు. బస్తాల మధ్య ఊపిరి బిగబట్టుకుని వచ్చిన ఆ తల్లి ఈ హాల్లోనే ఉంది, అన్నాడు.

నేను హైమను చూశాను. ఆమె ముందు అర్థంకానట్టు చూసింది. తరువాత అర్థమైంది. లేచి తలుపు వైపు తిరిగింది. పక్కనున్న ఆడవాళ్లు ప్రేమగా చెరో చెయ్యి పట్టుకున్నారు. సిగ్గుపడుతోంది పాపం అని నవ్వుతూ మెట్లు ఎక్కించారు. హాలంతా ఫోన్లు పైకి లేచాయి. నన్ను తీసి ఆమె భుజాల మీద వేశారు.

నేను చాలామందిని కప్పాను. సన్మానానికి పొంగిన భుజాలు నాకు తెలుసు. ఈ భుజాల్లాంటివి ఎన్నడూ చూడలేదు. కోడిపిల్లను పట్టుకుంటే చేతిలో గుండె కొట్టుకున్నట్టు ఒళ్లంతా కొట్టుకుంటోంది. మెడ వెనక చెమట చల్లగా నాలోకి దిగింది.

రచయిత ఆపలేదు. ఆనందం మీద ఉన్నాడు. ఈ నవల చదివి ఒక పాఠకుడు నాకు ఫోన్ చేశాడు, అన్నాడు. లారీ గురించే గుచ్చి గుచ్చి అడిగాడు, అన్నాడు. సభ ఎక్కడో కనుక్కుని, ఎక్కడో ఎండల ప్రాంతం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు, ఏరీ, ఒకసారి చెయ్యెత్తండి, అన్నాడు.

వెనక గోడ దగ్గర ఒక చెయ్యి లేచింది.

ఆ మనిషి ఎవరో నాకు అప్పుడు తెలియదు. హైమకు తెలుసు. అన్న కాదు. అన్న ఎక్కడికి వెళ్లినా బండి వెనకసీటులో కూర్చునే మనిషి. అతను నవ్వలేదు. ఎత్తిన చెయ్యి దించి, అదే చేత్తో జేబులోంచి ఫోన్ తీశాడు.

హైమ నన్ను రెండు చేతులా పట్టుకుని తలమీదికి లాక్కుంది. మొహం మీదుగా గడ్డం దాకా లాక్కుంది. నా లోపల, చీకట్లో, ఆమె ఊపిరి వేడిగా తగిలింది. మొహం చూపించమ్మా అని కింద నుంచి ఫొటోలవాళ్లు అరుస్తున్నారు. ఆమె రచయిత వైపు తిరిగి చిన్నగా అంది. మైకు పక్కనే ఉండటంతో అందరికీ వినబడింది.

"మాస్టారూ, మా అన్న గూడా చదువుతాడు."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఎంత మాటన్నదండీ అన్నారు ముందు వరసలో ఎవరో. చప్పట్లు ఆగకముందే ఆమె వెనక మెట్లు దిగి, వంటపాత్రల మధ్యనుంచి రోడ్డుమీదికి వచ్చింది. నేను తలమీదే ఉన్నాను. ఆటో ఎక్కింది. ఆ సాయంత్రానికి కింది వాటాలో కుట్టుమిషను ఒక్కటే మిగిలింది. మోయడం కుదరక వదిలేశారు.

ఇప్పుడున్న ఊరి పేరు చెప్పను. కొండలున్నాయో సముద్రముందో కూడా చెప్పను. రచయితలకు ఈ మాత్రం పని ఎందుకు కష్టమవుతుందో నాకు అర్థంకాలేదు. నేను నైలాన్ గుడ్డను, నాకే చేతనయింది.

కొన్నాళ్లు హైమ బయటికి వెళ్తే నన్ను తలమీదుగా కప్పుకునేది. నా బతుకులో ఒక మనిషికి పనికొచ్చింది అప్పుడే. ఒకరోజు ఏసుపాదం ఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నవల రెండో ముద్రణ. అట్టమీద బొమ్మ నేనే. నా మామిడిపిందెలు, నా అంచు, లోపల మొహం లేని మనిషి. కింద రచయిత మాట: వినయంతో ముఖం దాచుకున్న తల్లికి ఈ ముద్రణ అంకితం.

మొహం కనబడలేదు. నేను కనబడ్డాను. ఇంక నన్ను కప్పుకుంటే దొరికిపోతుంది.

కత్తెర తీసింది. కోపంతో కాదు. అద్దెకు తెచ్చిన మిషను మీద బట్టలు కుట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా కోస్తుందో అంతే జాగ్రత్తగా కోసింది. జరీ అంచు పొయ్యిలో వేసింది. అది మండలేదు, కరిగి కంపు కొట్టింది. మిగతా ముక్కల్ని పాతచీరల మధ్య పరిచి బొంత కుట్టింది. అలా లోపలి పొరనయ్యాను. ఇక్కడికొచ్చాక పుట్టిన వాళ్ల పాప నా మీద పడుకుంటుంది. పక్క తడిపేస్తుంది. ఏ సన్మానంలోనూ ఇంత నిజం లేదు.

భయం పోలేదు. వీధిలో మోటారుసైకిలు ఆగితే హైమ చేతిలో పని ఆగిపోతుంది. అది ముందుకు కదిలాక గాని మళ్లీ మొదలుకాదు.

నిన్న పక్కింటి పెద్దావిడ వచ్చింది. గిన్నెలో పాపకు అరిసెలు తెచ్చింది. మంచి మనిషే అయి ఉంటుంది. బొంత మీద కూర్చుని పాప తల నిమిరింది. చిక్కిపోయావమ్మా, ఏదో బరువు మోస్తున్నట్టున్నావు, అంది. అసలు మీ కథేమిటమ్మా, అంది. మెత్తటి గొంతు.

హైమ పాపను ఒళ్లోకి తీసుకుంది. ఇంకో చెయ్యి బొంతను పిడికిట్లో బిగించింది. నా ముక్కలన్నీ ఆ పిడికిట్లోకి వచ్చాయి.

"మాకు కథేం లేదు పిన్నిగారూ," అంది.