ఫెలిక్స్ సమాధి మీద అడవి బఠానీ

నవంబరు మొదట్లో, పోయినవాళ్ళకి కొవ్వొత్తులు వెలిగించే సకల పునీతుల పండుగ దగ్గర పడితే మా పోలండు పల్లెల్లో ఆడవాళ్ళకి సమాధులు కడగడమే పని. ఎవరి సమాధి మీద ఎండుటాకు కనిపించినా ఊరంతా బుగ్గలు నొక్కుకుంటుంది. కింగా గెనొవెఫా ఇంటికి కోడలై వచ్చి ఐదు నెలలే. ఎవరి చేతా మాట పడకూడదని, తెల్లారగానే చీపురూ పారా పట్టుకుని మామగారు ఫెలిక్స్ సమాధి దగ్గరికి వెళ్ళింది. రాయిని అద్దంలా తోమింది. శిలువను అల్లుకున్న ఎండు తీగనంతా లాగేసి, వేరుతో సహా పెళ్ళగించి, గోడ అవతల చెత్తకుప్పలో పడేసింది.

కొవ్వొత్తులు పట్టుకొచ్చిన అత్తగారు గెనొవెఫా అక్కడే కూలబడింది.

"నా తీగేదే?"

"ఎండిపోయింది కదా అత్తయ్యా..."

"ఎండితే చచ్చినట్టా? చలికి పడుకుని వసంతానికి లేస్తుందే అది! రైలుకట్ట మీద పనిచేసే రోజుల్లో మీ మామయ్య టోపీలో పెట్టుకుని తెచ్చిచ్చిన అడవి బఠానీ. పెళ్ళికి ముందు నాకిచ్చింది అదొక్కటే, అందుకే ఆయన తలాపున నాటుకున్నాను!" తలగుడ్డలో మొహం దాచుకుని ఏడ్చిందావిడ.

కింగా పరుగున వెళ్ళి, వాడిన దండల కుప్పంతా కెలికి, విరిగిన వేరుముక్క ఒకటి తెచ్చి మళ్ళీ పాతింది. అత్తగారు అటు చూడనైనా చూడలేదు.

ఇక ఆ చలికాలం ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి! బీట్‌రూట్ చారు కోడలి ముందు పెట్టేది, మాటలు మాత్రం గోడతో ఆడేది. మంచు కరిగినా సమాధి దగ్గర ఏమీ మొలవలేదు. ఏప్రిల్ కూడా అలాగే పోయింది. ఆ తీగ రాకపోతే ఎన్నేళ్ళున్నా ఈ ఇంట్లో తను పరాయిదేనని కింగా బెంగతో చిక్కిపోయింది.

మే నెలలో ఒక ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, గెనొవెఫా సమాధుల మధ్య నుంచి కేకేసింది. కింగా పరిగెత్తింది. పాతినచోట ఏమీ లేదు. పక్క సమాధి అంచున మాత్రం, గడ్డిపోచను నులితీగతో పట్టుకుని రెండు లేత మొలకలు!

"అదెవరి సమాధో తెలుసా? విన్సెంటిది. కంచె దగ్గర జానెడు నేల కోసం మీ మామయ్యతో ముప్పై ఏళ్ళు కొట్లాడాడు. నువ్వు తీగ పీకినప్పుడు గింజలు అటు చిందినట్టున్నాయి. చూశావా మీ మామయ్యని! పోయాక పోయి ఆక్రమించాడు!" గెనొవెఫా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మొలకల్ని తీసి ఇటువైపు నాటుదామని కింగా వంగింది.

"చెయ్యి తియ్యవే తల్లీ! అక్కడే ఉండనీ. పండుగకి విన్సెంటి పెళ్ళాం కూడా పార పట్టుకొస్తుంది, ముందే వెళ్ళి పీకొద్దని చెప్పు. నా మొహం చూస్తే తలుపేసుకుంటుంది గానీ, నీతో మాట్లాడుతుంది. నువ్వెవరివని అడిగితే, గెనొవెఫా కూతుర్నని చెప్పు."