తడిమే చెయ్యి

కొర్రలు చెరుగుతూ ఉన్నా సరే, ఈల వినబడితే రామక్క చేట కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తాలి. మడకశిర దారిలో, మైసూరు రాష్ట్రం ఎల్లలో చెక్‌పోస్టు. ఆమె మొగుడు గంగప్ప అక్కడ గేటు జవాను. లారీల్లో మూటలైతే మగవాళ్లు ఇనుప చువ్వతో పొడిచి చూస్తారు. బస్సులో ఆడవాళ్లను పొడవలేరు కాబట్టి రామక్క చేతులు కావాలి. జీతం మాత్రం గంగప్పకే. "పెండ్లాం చెయ్యి మొగుని చెయ్యి కాదా?" అన్నాడు జమేదారు రామదాసు ఒకసారి, అందరూ నవ్వారు. బస్సులో ఆడవాళ్ల తిట్లలో మాత్రం మొగుడికి వాటా లేదు, అవన్నీ ఆమెకే.

నడుములకు కట్టుకొచ్చే సారా తిత్తులు ఎన్ని పట్టుకుందో ఆ చెయ్యి! కడుపుతో ఉన్నవాళ్లను మాత్రం తడిమేది కాదు. పరాయి చెయ్యి పడితే లోపలి బిడ్డకు తగులుతుందని భయం. జమేదారూ సరేనన్నాడు. ఆ సంగతి గంగప్ప బాగా గుర్తుపెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆమెకే మూడో నెల. మొన్న చెబితే గంగప్ప ముఖం వెలిగింది, బిడ్డ కోసం కాదు.

"మంచిదే. అవతల మా చిన్నాయన కాడ బావి తూటాలుండాయి, బండ పగలగొట్టేవి. ఈడ కంట్రాక్టరు అడుగుతాండాడు. కడుపుకు కట్టుకోని బస్సెక్కు. వెతికేదే నువ్వు, నిన్నెవరు వెతుకుతారే?"

"పేలితే?"

"బస్సులో ఏం పేలుతాది? పిరికిదానా!"

ఆ మాట మీదే ఈరోజు మిట్టమధ్యాహ్నం బస్సులో కూర్చుంది రామక్క. కడుపు మీద గుడ్డలో పన్నెండు తూటాలు. తన చేత్తోనే ముడి వేసుకుంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా ప్రాణం గొంతులోకి వస్తోంది. పోయినేడు బావిలో తూటా పేలి, బావులు తవ్వే ఓబన్న చెయ్యి ఎగిరిపోవడం ఆమె కళ్లారా చూసింది. చెమటకు ముడి జారుతోంది, పట్టుకుందామన్నా భయమే.

పక్కన ఓబులమ్మ. పోయిన వారం తడిమినప్పుడు "నీ చేతులు పడిపోను" అని తిట్టినామె. ఈరోజు ఆమే "ఏమమ్మా, ఇట్ల చెమట్లు పడతాండాయి? కడుపుతో ఉండావా?" అంటూ చెయ్యి చాపింది. రామక్క ఆ చేతిని విసిరికొట్టింది.

ఓబులమ్మ కోపం తెచ్చుకోలేదు. "నువ్వు తడిమినప్పుడు మాకూ అట్లే ఉంటాదమ్మా" అంది మెల్లగా. రామక్కకు సిగ్గుతో తల వాలిపోయింది.

ముందు సీట్లో ఎవరో బీడీ ముట్టించారు. పొగ వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లూ గంగప్ప చేతికి భయపడింది ఆమె. ఈ పొగ ముందు ఆ భయం ఏపాటిదనిపించింది. నిప్పురవ్వ తగిలితే బిడ్డ, ఓబులమ్మ, ఇంతమంది.

చెక్‌పోస్టులో బస్సు ఆగింది. జమేదారు లోపలికి తొంగి చూసి నవ్వాడు. "ఓహో, రామక్క బస్సులోనే ఉండాదే! ఇంక తడిమేదెవరు? గేటెత్తు గంగప్పా!"

గంగప్ప ఆమె వైపు చూడకుండా గేటెత్తాడు.

రామక్క దిగింది. నేరుగా జమేదారు ముందుకు నడిచింది. "ఆ బీడీ ఆర్పమను సామీ. బస్సును దూరంగా పంపు."

బస్సు కదిలి పోయేదాకా ఆగి, అటు తిరిగి ముడి విప్పింది. మూటను రెండు చేతులా పట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా నేల మీద ఉంచింది. గుడ్డలో తూటాలు చూసి జమేదారు నాలుగడుగులు వెనక్కి వేశాడు. గంగప్ప చేతిలో గేటు తాడు అలాగే ఉండిపోయింది.

"ఆడోళ్లను తడిమేది నేనే కదా సామీ, నన్ను నేనే తడుముకున్నా. దొరికినాయి." ఆమె జమేదారు వైపు తిరిగింది. "పెండ్లాం చెయ్యి మొగుని చెయ్యేనని అంటివి. ఇవి కట్టిన చెయ్యి ఎవరిదో ఇప్పుడు నువ్వే చెప్పు."