రెండో గొట్టం

నలభై ఏళ్ళొచ్చినా ఇంట్లో వాళ్ళకు ఆమె చిన్నదే. ల్యాబ్‌లో మాత్రం మేడం. ఏ మందుకూ లొంగని బ్యాక్టీరియాను చంపే పనిలో ఎనిమిదేళ్ళుగా తలమునకలై ఉంది. బ్యాక్టీరియాలో దూరి పిల్లల్ని పెట్టే వైరస్‌లుంటాయి, వాటిని ఫేజ్‌లంటారు. పిల్లలు బయటపడే వేళకు ఒక ఎంజైమ్ లోపలి నుంచి బ్యాక్టీరియా గోడ కోసేస్తుంది. ఆ ఎంజైమ్‌ను అక్కడక్కడా మార్చి, బయటి నుంచే గోడ కోసేలా చెయ్యాలని చిన్నదాని పంతం. ఆరు రకాలు చేసింది. ఆరూ చేతులెత్తేశాయి.

ఏడోది పనిచేసింది. బ్యాక్టీరియాతో మజ్జిగలా ఉన్న గొట్టంలో నాలుగు చుక్కలు వేస్తే, అరగంటలో మంచినీళ్ళలా తేటపడింది. చిన్నదాని కాళ్ళు నేలమీద నిలవలేదు. గంతులేసి ఊరుకున్నా బాగుండేది. నోరు ఊరుకోదు కదా, నేరుగా ఆసుపత్రికి వెళ్ళి అక్క చెవిన వేసింది.

ఆసుపత్రిలో ఉన్నది బావ. బస్సు డ్రైవరు. ప్రమాదంలో పాదం నలిగితే, ఆ గాయంలో సరిగ్గా ఈ మొండి బ్యాక్టీరియానే చేరింది. మోకాలి కింద కాలు తీసేస్తే ప్రాణానికి భయముండదని, పెట్టుడుకాలుతో ఇబ్బంది లేకుండా నడవచ్చని సర్జన్ చెప్పింది. అక్క సంతకం పెట్టబోతోంది.

"ఒక్క పది రోజులు ఆగవే అక్కా. నా మందుకి ప్రత్యేకంగా అనుమతి తెప్పిస్తా" అంది చిన్నది.

అక్క పెన్ను కింద పెట్టేసింది. చెల్లెలి చదువంటే ఆవిడకు అంత గురి.

ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న టెక్నీషియన్ ఒకావిడ ఉంది. ఏ పనైనా పద్ధతి ప్రకారమే జరగాలంటుంది కాబట్టి వెనకాల అందరూ ఆవిడను రూళ్ళకర్ర అంటారు. ఆ పేరు పెట్టిన ఘనత చిన్నదానిదే. సోమవారం ఆ రూళ్ళకర్ర మెల్లగా దగ్గరికొచ్చి ఒక అనుమానం బయటపెట్టింది.

ఫేజ్ ఎంజైమ్‌ను ల్యాబ్‌లో వేరే సాధు బ్యాక్టీరియాతో తయారు చేయిస్తారు. తయారయ్యాక వాటిని పగలగొట్టి ఎంజైమ్‌ను బయటికి తియ్యాలి. ఆరుసార్లూ మెషీన్‌తో పగలగొట్టారు. ఏడోసారి మెషీన్ మొరాయించింది. బాగయ్యేదాకా ఆగే ఓపిక లేక, చిన్నది కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసిన పొడిని ఇంకో రసాయనంతో కలిపి వేసింది. గోడలు కోయడంలో ఆ పొడీ తక్కువదేం కాదు.

"అది మన శాంపిల్‌లో మిగిలిపోయుంటే ఎలా మేడం? ఫేజ్ ఎంజైమ్ లేకుండా, మిగతావన్నీ వేసి ఇంకోటి తయారుచేశాను. ఫ్రిజ్‌లో ఉంది. రెండో గొట్టంలో అదే బ్యాక్టీరియా పోసి, ఇది వేసి ఒకసారి చూద్దామండీ. అదీ తేటపడితే పని మన ఎంజైమ్‌ది కాదన్నట్టే."

చిన్నదానికి ఒళ్ళు మండింది. తనకు పాఠాలు చెప్పక్కర్లేదని నలుగురి ముందూ కసిరేసింది. రూళ్ళకర్ర వెళ్ళి సీసాలు సర్దుకుంది. కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ చెప్పింది నిజమై ఉండొచ్చని చిన్నదానికి అక్కడికక్కడే తట్టింది.

మంగళవారం ఫ్రిజ్ తెరిచింది. పై అరలో చిన్న సీసా, దానిమీద గుండ్రటి చేతిరాతతో 'మేడం గారికి' అన్న చీటీ. తలుపు మూసేసి అనుమతి కాగితాలు రాసుకుంటూ కూర్చుంది. బుధవారమూ అదే తంతు. చూడనంతకాలం తప్పు జరగనట్టే అనుకుంది మహాతల్లి.

గురువారం పొద్దున అక్క ఫోన్ చేసింది. బావకు జ్వరం పేలిపోతోందని, సర్జన్ ఇక ఆగడం కుదరదంటోందని చెప్పింది. అప్పుడు తీసింది ఆ సీసా. రెండో గొట్టంలో నాలుగు చుక్కలు వేసింది. అరగంటకు అదీ మంచినీళ్ళలా తేటపడింది. ఏడో రకం గొప్పతనమంతా కోడిగుడ్డుదే. రూళ్ళకర్ర నేను ముందే చెప్పానని అనలేదు, కుర్చీ ఒకటి తెచ్చి వెనకాల వేసింది. ఆ కుర్చీలో కూర్చోవడానికి చిన్నదానికి సిగ్గేసింది.

ఇవాళే తెలిసిందని చెబితే ఎవరు కాదంటారు? ఆసుపత్రి దారి పొడవునా ఆ అబద్ధాన్నే నోట్లో నానబెట్టుకుంటూ వెళ్ళింది. వార్డు బయట బెంచీ మీద అక్క కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. సోమవారం దాకా చీలమండ దగ్గరే ఉన్న కుళ్ళు మోకాలు దాటిందని, ఇప్పుడు తొడ దగ్గర తీసెయ్యాలని సర్జన్ అప్పుడే చెప్పి వెళ్ళింది. చిన్నది నిలబడే జరిగిందంతా చెప్పింది.

"నీకెప్పుడు తెలిసిందే?" అంది అక్క.

"తెలిసింది ఇవాళ. అనుమానం సోమవారమే వచ్చింది."

"ఆ రెండో గొట్టం చూడ్డానికి ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

అక్క కాగితం సరిచేసుకుని సంతకం పెట్టింది.

లోపల బావ ఆ జ్వరంలోనే, చిన్నదాన్ని ఏమీ అనొద్దన్నాడు. దాని మొహం పీక్కుపోయిందని, ముందు దానికింత తిండి పెట్టమన్నాడు. అక్క తన టిఫిన్ డబ్బా తెరిచి, మూతలో అన్నం పెట్టి, ఎటో చూస్తూ చెయ్యి చాపింది. చిన్నది అది అందుకుని, బావ మంచం పక్కనే నిలబడి, ఒక్క మెతుకు వదలకుండా తింది.