మధ్యలో ఆపగలిగే ఆటలు

“మా ఆవిడా? ఆవిడకి రంగు గోళీలు చాల్రా బాబూ,” అన్నాడు భర్త, ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని తనతో ఆడుతున్న స్నేహితులతో. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉంటే అతని గొంతు ఇల్లంతా వినిపిస్తుంది. వంటింట్లో ఒక చేత్తో పాలు పొంగకుండా కలుపుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో రంగు గోళీలు జత చేస్తున్న ఆమెకీ వినిపించింది. కోపం రాలేదు. నిజమే కదా అనిపించింది, అదే ఆమెకి నచ్చలేదు.

ఎప్పటినుంచి చాలుతున్నాయివి? చదువుకునే రోజుల్లో కంప్యూటర్ సెంటర్‌లో కుర్చీ ఎక్కిందంటే దిగేది కాదు. కోటలు, సైన్యాలు, వారాల తరబడి సాగే యుద్ధాలు, అవే ఆటలనుకునేది. పక్క కుర్చీలో అడుగడుక్కీ చస్తున్న అబ్బాయిని చూసి జాలిపడి, “ఒరేయ్, ముందు గోడ చాటుకి రారా,” అని నేర్పింది. ఆ అబ్బాయే కెప్టెన్, కెప్టెన్ అంటూ వెంటపడి పెళ్లి చేసుకున్నాడు. “మొగుణ్ణి ఒరే అంటారా అమ్మా, మీరు అను,” అన్నారు అత్తగారు. అనడం మొదలుపెట్టింది. కోటలు పోయి కార్ల పందేలొచ్చాయి, ఒక పందెమైతే కూర ఉడికేలోపు అయిపోతుంది కనక. పాప పుట్టాక ఫోన్‌లో పొలం వేసింది. నీళ్లు పొయ్యకపోతే అందులో మొక్కలు వాడిపోయేవి. ఇంట్లో ఏడ్చేవాళ్లు చాలరా అని దాన్నీ తీసేసింది. ఆఖరికి గోళీలు మిగిలాయి. ఎవరు పిలిచినా, ఎక్కడ వదిలేసినా అవి అలగవు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కొత్త యుద్ధం ఆట గురించి కళ్లింత చేసుకుని చెబుతుంటే, “నాకిప్పుడవి పడవమ్మా, వయసుతో ఇష్టాలు మారతాయి,” అంది, పడకపోవడం ఏదో తన గొప్పయినట్టు.

ఆ ఆదివారం భర్త జట్టులో ఒక మనిషి తక్కువయ్యాడు. పక్కనే కూర్చుని ఆడుతున్న కూతురు, “అమ్మని పిలువు నాన్నా,” అంది.

“మీ అమ్మకి రాదే.”

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, మూడో కంట్రోలర్ తీసుకుని కూతురి పక్కన కూర్చుంది.

వేళ్లు ఏదీ మరిచిపోలేదు. గోడ చాటు, మెట్ల మలుపు, చప్పుడు విని ఆగడం, ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వరసగా ఇద్దర్ని పడగొట్టింది. కూతురు నోరెళ్లబెట్టింది. ఎన్నేళ్లుగానో తన ఒంట్లో ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టూ, ఇప్పుడే వదిలినట్టూ అనిపించిందామెకి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అత్తగారు, “పులుసులో ఉప్పు వేశావా?” అని కేకేశారు. ఆమె బొటనవేలు దానంతటదే పాజ్ నొక్కింది. వెనక్కి తిరిగి, “వేశానత్తయ్యా,” అంది.

పదిమంది కలిసి ఆడే ఆట ఒక్కరి కోసం ఆగదు. ఒకప్పుడు భర్తకి తను చెప్పిన పాఠాల్లో అదొకటి. ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి తెర మీద ఆమె మనిషి నేలకూలి ఉన్నాడు.

“చెప్పానా, రాదని,” అన్నాడు భర్త. వెక్కిరించలేదు, మామూలుగానే అన్నాడు.

“మీకు నేర్పింది నేనే కదండీ.”

“నువ్వా? ఎప్పుడు?”

అబద్ధమేమోనని అతని మొహంలోకి చూసింది. కాదు. నిజంగానే గుర్తులేదతనికి. అతని సంగతి సరే. తనే, దాచుకోవాల్సిన తనే, ఇష్టాలు మారాయని చెప్పి తనలోని ఆ కెప్టెన్ పిల్లని ఇంట్లోంచి పంపించేసింది. గుండె పగిలిపోయింది. కళ్లనీళ్లు కంట్రోలర్ మీద పడుతుంటే కూతురు భుజం నిమిరింది.

“పోనీలే అమ్మా. నీకు గోళీలు బాగా వచ్చుగా.”

ప్రేమగానే అంది పిల్ల. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరన్న మాటా ఇంత లోతుగా దిగలేదు.

“పాపా, కంచాలు పెడుదువుగాని రా,” అత్తగారు మళ్లీ పిలిచారు. కూతురి బొటనవేలు పాజ్ వైపు జరగడం ఆమె చూసింది. ఆ వేలిని తన చేత్తో పట్టుకుని ఆపింది.

“అది ఆటలో ఉందత్తయ్యా,” అంది, కళ్లు తుడుచుకోకుండానే. “మీ అబ్బాయిని పిలవండి.”