పునాది గోతిలో గుండు

ఊరి చివర కొత్త ప్లాట్లలో పునాది తవ్వుతుంటే గునపం ఠంగుమంది. మేస్త్రీ బావమరిది వంగి మట్టి తోశాడు. తుప్పు పట్టిన ఇనుప గుండు, చంటిపిల్ల పొడవుంది.

"లంకెబిందె కాదు గానీ, దాని తమ్ముడై ఉంటుంది బావా," అంటూ ఇంకో పోటు పొడిచాడు.

పాత ఇంజన్ ఆయిల్ లాంటి చిక్కటి ద్రవం చిమ్మి అతని ముంజేతుల మీద, ప్యాంటు మీద పడింది. వెల్లుల్లి వాసన. మంట లేదు, నొప్పి లేదు. అదే కొంప ముంచింది. చేతులు మట్టితో రుద్దుకుని పొద్దువాలేదాకా పని చేశాడు.

ఇంటికొచ్చాక మేస్త్రీయే ఆ బట్టలు భార్య ముందు పడేశాడు. "నీ తమ్ముడి కంపు నువ్వే వదిలించు," అని నవ్వాడు. ఆమె వాటిని నానబెట్టి చేతులతో నలిపి ఉతికింది.

తెల్లారేసరికి బావమరిది కళ్లు తెరవలేకపోయాడు. ఒంటి మీద నిమ్మకాయలంత బొబ్బలు. ఆమె అరచేతులు ఉబ్బిపోయాయి.

ఆసుపత్రిలో వాసన సంగతి వినగానే డాక్టరమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసింది. మధ్యాహ్నానికల్లా ముసుగులు వేసుకున్న మనుషులు ప్లాటు చుట్టూ తాళ్లు కట్టారు. వాళ్ల పెద్ద, తల నెరిసిన అధికారి, వార్డుకు వచ్చి కూర్చున్నాడు.

"దీన్ని మస్టర్డ్ గ్యాస్ అంటారమ్మా. పేరుకే గ్యాస్. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సిపాయిల మీద వేసేవారు. అన్ని ప్రాణాలు పోయాక దేశాలు కూర్చుని, ఇక వాడకూడదన్నాయి. తయారు చేయొద్దు, దాచొద్దు, ఉన్నవి నాశనం చేయండి అనడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. ఈలోగా ఎవరో ఇక్కడ పాతిపెట్టి పోయారు."

"అయితే ఇప్పుడు నిషేధమేగా?" అంది ఆమె.

"నిషేధమేనమ్మా."

"మరి ఆ మాట దానికెవరూ చెప్పలేదా?"



బావమరిది ఊపిరితిత్తులు లోపల్లోపలే పుండైపోయాయి. పోయేముందు గొంతు పెగుల్చుకుని, "నా చేతులారా చేసుకున్నానా బావా?" అని అడిగాడు.

"లేదురా," అన్నాడు మేస్త్రీ.

చేతులకు కట్లుండటంతో ఆమె కన్నీళ్లు కూడా తుడుచుకోలేకపోయింది. మేస్త్రీ తువ్వాలు పట్టుకుని దగ్గరికి వెళితే మొహం తిప్పేసుకుంది. అతను అక్కడే నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమే ఇటు తిరిగింది.

ఆ గోతిలో ఇంకా గుండ్లు బయటపడ్డాయి. చుట్టుపక్కల ఇళ్ల కిందా ఉండొచ్చన్నాడు అధికారి. ఆ వరసలో ఇళ్లన్నిటికీ పునాదులు తీసింది మేస్త్రీయే. ఎక్కడెంత లోతు తవ్వాడో చూపించడానికి వాళ్ల వెంట వెళ్లాడు.

మొదటి ఇంటాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మొన్ననే కదయ్యా పాలు పొంగించుకున్నాం. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోమంటావు?"

"ఎక్కడికైనా పొండి. ఈ పూటే పొండి," అన్నాడు మేస్త్రీ.

పిల్లలు వీధి మలుపు దాటేదాకా ఆగి, పెరట్లో ఒక మూల చూపించాడు. ముసుగు మనిషి గునపం ఎత్తబోతే చేయి పట్టుకుని ఆపాడు.

"పొడవకండి. మెల్లగా, పైపైన మట్టి తీయండి."

అలా చెప్పి, లేచి అవతలికి పోకుండా, వాళ్లు వద్దంటున్నా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.