నాలుగో చరణం

ఉత్తరం కోసం ఎదురుచూసే ఆడదాని పాటను ఫోను కోసం ఎదురుచూసే ఆడదాని పాటగా మార్చిన ఘనుడిని నేనే. తిట్టదలుచుకున్నవాళ్ళు వరసలో రండి. అసలు పాట రాసినాయన పోయి ఇరవై ఏళ్ళయింది కాబట్టి ఆయనొక్కడే రాలేడు.

మా నాటక సమాజానికి కొత్త డైరెక్టరొచ్చాడు. గంటకో స్టేటస్ పెడతాడని చాటుగా అందరం అతన్ని స్టేటస్ గారనేవాళ్ళం. రిహార్సల్ గదిలో ఓ కాలు విరిగిన సింహాసనం మీద కూర్చుని పాత స్క్రిప్టు తిరగేశాడు.

"ఓడెక్కి పోయిన మొగుడి ఉత్తరం కోసం ఈవిడ నాలుగు చరణాలు ఏడవడమేంటండీ? ఒక్క కాల్ చేస్తే పోలేదా?" అన్నాడు.

కాల్ చేస్తే మూడో అంకం ఉండదు. ఆ ముక్క అతని మొహమ్మీద అనే మగాడు మాలో లేకపోయాడు. నన్ను పిలిచి పాటని ఫోన్ల కాలానికి తగ్గట్టు మార్చమన్నాడు. పోస్టరు మీద నా పేరు వేయిస్తానన్నాడు. నేను పదిహేనేళ్ళుగా తెర వెనక నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు అందించేవాణ్ణి. నా పేరు మా వీధిలోవాళ్ళకే సరిగ్గా తెలియదు. పోస్టరనేసరికి ఎగిరి గంతేశాను.

ఒక్క పూటలో మూడు చరణాలు రాసి పారేశాను.

"నీలి గీతలు రెండు పడ్డాయి స్వామీ,
జవాబు రాయవు, చేతికేమైంది?
ఆన్‌లైన్లో ఉన్నావు, అందరికీ ఉన్నావు,
నా పేరు కనబడితే కళ్ళు మూశావా?"

మూడో చరణం చివర కీబోర్డు మీద "టింగ్"మని మెసేజ్ మోత కూడా పెట్టించాను. స్టేటస్ గారు నన్ను వాటేసుకుని సెల్ఫీ తీసుకున్నాడు.

ఆ పాట పాడేది మా అక్క. తోడబుట్టిన అక్క. ఇరవయ్యారేళ్ళుగా ఆ వేషం ఆవిడదే. వంటింట్లో కూరలు తరుగుతూ, నా కాగితాన్ని చెయ్యంత దూరం పెట్టి చదివింది.

"నీలి గీతలేంట్రా?"

"వాడు చదివాడని గుర్తక్కా."

"చదివి కూడా బదులివ్వలేదా? అలాంటి వెధవ కోసం ఎదురుచూడ్డం దేనికే పిచ్చిదానా అంటారు జనం."

నిజమే అంటారు. నాకు ఒళ్ళు మండింది. పోస్టరుకెక్కబోయే కవికి కూరగాయల కత్తి పట్టుకుని సలహాలా?

"మూడూ నీ ఇష్టమొచ్చినట్టు తగలెట్టుకో. నాలుగోది మాత్రం ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాన్రా," అంది.

నన్ను నెత్తిన మొట్టడమే తప్ప అక్క ఏనాడూ ఆ మాట అనలేదు. నాలుగో చరణంలో ఉన్నవి రెండే పాదాలు.

"దారిన పోయే అడుగులన్నీ విన్నాను,
నీ అడుగు ఏదో నా చెవికి తెలుసు."

"ఆ రెండు ముక్కలు పాడాలనే మోకాళ్ళ నొప్పులతో ఇంకా స్టేజీ ఎక్కుతున్నా. అవి తీసేస్తే నేనూ మానేస్తా," అంది.

స్టేటస్ గారిని బతిమాలాను. "సరే, మొదటి షోలో ఉంచుదాం. జనం వింటే ఉంటుంది, లేకపోతే కోతే," అన్నాడు. అదే అక్కకు చెప్పాను.

"అయితే నువ్వు లోపల వద్దు. ముందు వరసలో కూర్చో. విన్నారో లేదో నాకు ఉన్నదున్నట్టు చెప్పు," అంది. ఒట్టేశాను.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. మొదటి చరణానికి నవ్వులు, రెండోదానికి ఈలలు. నేను నేల మీద లేను. మూడోది ముగిసింది. టింగ్!

అంతే. నాలుగొందల చేతులు నాలుగొందల జేబుల్లోకీ సంచుల్లోకీ దూరాయి. నాదేమో, నాదేమోనని అందరికీ అనుమానమే. తీసిన ఫోను ఊరికే లోపల పెట్టే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడా? పక్కసీటావిడ ఏవో చీరలు చూసుకుంటోంది. వెనక పెద్దాయన ఎవరికో దండాల బొమ్మలు పంపుతున్నాడు. సిగ్గూ శరం లేని జనం! నాకు కడుపు రగిలిపోయింది. ఆ మంటతోనే నా ఫోనూ తీశాను. స్టేటస్ గారు ఫేస్‌బుక్కులో పెట్టిన పోస్టరు సంగతి ఒక్కసారి చూసి పెట్టేద్దామని, అంతకుమించి ఏం లేదు.

నూట పన్నెండు లైకులు. కింద మా బావమరిది, "బావ పేరు వెతుక్కోవాల్సొచ్చింది," అని ఏడ్చాడు. వాడికి బుద్ధి వచ్చేలా నాలుగు వాక్యాలు కొట్టి పంపేసరికి చప్పట్లు మోగాయి. నేనూ లేచి నిలబడి కొట్టాను.

మేకప్ గదిలో అక్క నూనె దూదితో రంగు తుడుచుకుంటోంది. స్టేటస్ గారు అప్పటికే అక్కడున్నాడు.

"అదరగొట్టేశారండీ! ముఖ్యంగా ఆ నాలుగో చరణం. ఉంచేద్దాం, మాటంటే మాటే!" అంటూ ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్క అద్దంలోంచి నన్ను చూసింది. "నువ్వు చెప్పరా. నాలుగో చరణం ఎలా పాడాను?"

"కళ్ళమ్మట నీళ్ళొచ్చాయక్కా. హాలంతా ఊపిరి బిగబట్టి విన్నారు. ఒట్టు."

ఆవిడ రెండో చెంప కూడా నిదానంగా తుడుచుకుంది.

"నేను పాడలేదురా," అంది. "హార్మోనియం ఆయన తల వంచుకుని తన పాటికి తను వాయించుకుపోయాడు. నువ్వు తలెత్తితే మొదలుపెడదామని, అది అయిపోయేదాకా నిన్నే చూస్తూ నిలబడ్డాను."